మోడులనుకున్న మునగతోట

అరిజోనా వెళ్లింది ఎర్రకొండలు చూడటానికి కాదు. సన్నీవేల్‌లో నా ఉద్యోగం శాటిలైట్ ఫొటోలు చూసి ఏ పొలంలో పంట ఉందో, ఏది బీడో గుర్తుపెట్టడం. ఎడారి రైతులు డ్రిప్ పైపులు వేసుకోవడానికి ప్రభుత్వం సాయం చేస్తుంది. అది ఎవరికి ఇవ్వాలో మా గుర్తుల్ని చూసే తేలుస్తారు. మే నెలలో ఫీనిక్స్‌లోని స్నేహితురాలు మా వాట్సాప్ గ్రూపులో ఒక వాయిస్ మెసేజ్ ఫార్వర్డ్ చేసింది. కాసా గ్రాండే దగ్గర మునక్కాయలు పండించే సుగుణ ఆంటీ గొంతు. "పైనుంచి ఫొటో తీసి మా భూమిలో పంటే లేదన్నారమ్మా. మరి మీరంతా సాంబార్లో వేసుకున్నవి ఎక్కడివట?" గ్రూపులో అందరూ నవ్వారు. నేను ఆ పొలం వెతికి తెరిచాను. ఫిబ్రవరి ఫొటో, బీడని బూడిదరంగు చుక్క, పక్కన నా పేరు.

ఫోన్‌లో చెబుదామని రెండుసార్లు నంబరు నొక్కి పెట్టేశాను. చివరికి జూన్‌లో ఒక శనివారం ఆరున్నరకు శాన్ హోసేలో ఫ్లైట్ ఎక్కాను. రానూపోనూ నూట అరవై డాలర్లు, రెంటల్ కారు మరో డెబ్బై. ఫీనిక్స్‌లో కారు దగ్గరికి దింపిన షటిల్ డ్రైవర్ "గ్రాండ్ కాన్యన్‌కా?" అని అడిగాడు. పొలం చూడ్డానికన్నాను. "ఈ ఎండలోనా? అయితే నీళ్లు ఎక్కువే కొనుక్కో" అన్నాడు.

ఐ-10 హైవే మీద దక్షిణంగా గంట ప్రయాణం. కాంక్రీటు కాలువకు అవతల పచ్చటి పశుగ్రాసం, ఇవతల దుమ్ము. ఈ ఎడారిని పొలంగా మార్చింది ప్రభుత్వం తవ్వించిన కాలువే. దానికి నీళ్లిచ్చే నది తగ్గాక చాలామంది వాటా కోసేసిందీ ప్రభుత్వమే. వాళ్లకిక బోరే దిక్కు. డ్రిప్ లేకపోతే ఆ నీళ్లూ తోట చివరిదాకా పోవు.

పదిన్నరకు చేరేసరికి ఆంటీ పంజాబీ డ్రెస్ మీద అంకుల్ ఫుల్ షర్ట్ తొడుక్కుని కాయలు కోస్తోంది. "ఎన్ని కట్టలు కావాలమ్మా?" అంది.

"కాయల కోసం కాదాంటీ. ఆ ఫొటో చూసి పంట లేదని రాసింది నేనే."

ఆంటీ కత్తిని బకెట్లో పెట్టింది. "ఎప్పటి ఫొటో?"

"ఫిబ్రవరి."

"చలికి మాడిపోతాయని జనవరిలోనే మోకాలెత్తుకు కొట్టేస్తాం. మునగ కొట్టేస్తేనే కదా చిగురేసేది. ఏ ఊరు మీది?"

"తెనాలి."

"ఇక్కడి పిల్లెవరో రాసుంటే తెలీదులే అనుకునేదాన్ని."

తెనాలిలో మా పెరటి మునగను నాన్న ఏటా కొట్టేవాడు, కొమ్మలు మోసింది నేనే. ఆ ఫొటో చూసినప్పుడు కూడా ఒక్క క్షణం ఆగాను. మోడులు ఇంత తిన్నగా వరుసల్లో ఉన్నాయేంటి అనిపించింది. అంతలో లంచ్‌కి పిలిచారు. బీడని నొక్కేసి లేచాను.

"సోమవారం సరిచేస్తానాంటీ. లెటర్ కూడా రాస్తాను."

"రాయి. ఈ ఏడాది డ్రిప్ ఫండ్స్ అయిపోయాయట, మళ్లీ వచ్చే ఏడు అప్లై చేసుకోమన్నారు." చెప్పులు ఈడ్చుకుంటూ తోట వెనక్కి తీసుకెళ్లింది. పన్నెండు వరుసల్లో బోరు నీళ్లు అందేది ఐదింటికే. మిగతా ఏడూ ఎండి నిలబడ్డాయి. ఆంటీ ఒక కొమ్మను విరిచి నా చేతిలో పెట్టింది. లోపల పచ్చదనం లేదు.

"ఇప్పుడు ఫొటో తీస్తే మాత్రం నువ్వు రాసిందే కరెక్ట్" అంది. ఆ మాటలో కోపం లేదు. ఉంటే బాగుండేది.

సోమవారం సరిచేశాను. బూడిదరంగు చుక్క ఒక్క క్లిక్కుతో పచ్చబడింది. లెటర్ పంపాను, రసీదు వచ్చింది, అంతే. ఇప్పుడు మోడులు కనిపిస్తే ఆ పొలం ఫోన్ నంబరు వెతుకుతున్నాను. దానివల్ల రోజుకు సగం పొలాలే అవుతున్నాయి. మేనేజర్ అడిగితే అవుతాయిలే అంటున్నాను. ఆ ఏడు వరుసలకు మాత్రం ఇదేదీ అందదు.

మీరు వెళ్లాలనుకుంటే జూన్ తర్వాత, ఉదయం పదకొండు లోపు వెళ్లండి. ఫిబ్రవరిలో వెళ్తే మోకాలెత్తు మోడులే కనిపిస్తాయి. చచ్చిపోయాయనుకోకండి, ఆంటీని అడగండి.