మోగని ఫోన్

మాచర్ల నుంచి హైదరాబాదు వెళ్ళే బస్సులో నా పక్క సీటు అమ్మాయి ఎయిర్‌హోస్టెస్. ఏ ఊరు విమానం ఎక్కుతావమ్మా అని అడిగితే తనకే తెలియదంది.

"ఈ పొద్దు స్టాండ్‌బై పిన్నీ. ఎవరన్నా డ్యూటీకి రాకపోతే, వాళ్ళ బదులు మమ్మల్ని పిలుస్తారు. ఫోన్ వచ్చినాకే ఏ ఊరో తెలిసేది. ఎత్తకపోతే ఆబ్సెంటే. పదింటికల్లా సిటీలో ఉండాల్సినదాన్ని, తెల్లారగట్ట బస్సు తప్పింది."

పది దాటింది. నిద్ర ఆపుకోలేక ఫోన్ నా చేతిలో పెట్టింది. "మోగితే లేపుతారా?"

సాగర్ దాటాక సిగ్నల్ పోయింది. ఆ ఫోన్‌ను కిటికీ దగ్గర ఎత్తి పట్టుకుని, చెయ్యి లాగుతున్నా దించకుండా కూర్చున్నాను. నా ఫోన్ ఒళ్ళో సంచిలో ఉంది, దానికెవరూ పెద్దగా చెయ్యరు.

సిటీ దగ్గరపడ్డాక సిగ్నల్ వచ్చినా ఫోన్ మోగలేదు. అప్పుడు ఆ అమ్మాయి ఉలిక్కిపడి లేచింది.

"ఎవరన్నా చేశారా?"

"ఎవరూ చెయ్యలేదమ్మా."

"హమ్మయ్య!" అని గుండె మీద చెయ్యి వేసుకుంది.

ఫోన్ రాకపోతే అంత సంతోషపడే మనిషిని నేనప్పుడే చూశాను. ఇప్పుడు పొద్దుగూకే దాకా నా ఫోన్ మోగని రోజున, నేనూ గుండె మీద చెయ్యి వేసుకుని "హమ్మయ్య" అనుకోవడానికి చూస్తుంటాను.