ఒంటె తాత నాలుగో భాగం

ఆ రోజుల్లో అని మొదలుపెట్టాలంటే మనిషికి కనీసం రెండు పళ్ళయినా కదిలి ఉండాలి. నాకింకా ముప్పై నిండలేదు, చెప్పబోయేదేమో ఆరేళ్ళ కిందటి సంగతి. అయినా ఆ రోజుల్లో అనే అంటాను. అప్పటి నన్ను తలుచుకుంటే ఎవరో దూరపు చుట్టాల కుర్రాడు గుర్తొచ్చినట్టుంటుంది, పైగా ఆ కుర్రాడికి రెండు తగిలించాలనిపిస్తుంది. బాపట్లలో డిగ్రీ అత్తెసరు మార్కులతో గట్టెక్కి, రోజూ పొద్దున్నే రైలెక్కి తెనాలి వెళ్ళి ఒక రికార్డింగ్ స్టూడియోలో పనిచేసేవాణ్ణి. స్టూడియో అంటే పెద్దగా ఊహించుకోకండి. ఎరువుల కొట్టు పైన ఒక గది, శబ్దం బయటికి పోకుండా గోడలకి పాత కొబ్బరిపీచు పరుపులు, ఒక మైకు, ఒక కంప్యూటరు, నేను. సర్పంచి ఎన్నికల పాటలూ, చీరల కొట్టు ప్రారంభోత్సవానికి ఆటోలో తిప్పే ప్రకటనలూ చేసేవాళ్ళం. మా ఓనరు దేనికైనా ఎకో పెట్టందే బయటికి పంపేవాడు కాదు కాబట్టి ఊళ్ళో అందరూ ఆయన్ని ఎకో గారనే పిలిచేవారు. (తప్పిపోయిన గేదె ప్రకటనకి కూడా ఎకో పెట్టాడు. గేదె దొరికింది, అది వేరే సంగతి.)

మా బాబాయి, అంటే మా నాన్న సొంత తమ్ముడు, రేపల్లెలో కాపురం. పౌరాణిక నాటకాల్లో ముసలి వేషాలకి పెట్టింది పేరు. ఇరవై ఎనిమిదో ఏటే తెల్లగడ్డం అంటించుకున్న మనిషి. ఆయన పద్యం ఎత్తుకుని చివరి రాగం ముగించేలోపు జనం బయటికెళ్ళి టీ తాగి రావచ్చని మా పిన్ని అనేది. నేను మూడో తరగతిలో ఉండగా, ఒంటెల కుటుంబం ఒకటి ఎడారి దాటే బొమ్మల సినిమాని తెలుగులోకి తెస్తూ, అందులో ముసలి ఒంటెకి గొంతు కావాలని వెతుక్కుంటూ వచ్చి బాబాయిని తీసుకెళ్ళారు. ఆ సినిమా పిల్లల్ని ఊపేసింది. రెండో భాగం ఇంకా ఊపేసింది. బాబాయి సంచి పట్టుకుని కూరలకి బయల్దేరితే వెనకాల పదిమంది పిల్లలు ‘ఒంటె తాతా, ఒంటె తాతా’ అంటూ మార్కెట్టు దాకా నడిచేవాళ్ళు. పైకి విసుక్కునేవాడు గానీ, పిల్లలు తక్కువగా ఉన్న రోజున దూరపు సందులోంచి చుట్టు తిరిగి వెళ్ళేవాడు. మూడో భాగంలో ఎందుకో ఒంటెల్ని చంద్రమండలానికి పంపారు. ఆ దెబ్బతో సిరీస్ పడుకుంది. నడిచొచ్చిన పిల్లలు పెద్దవాళ్ళయి మోటారుసైకిళ్ళెక్కారు, నాటకాలు పలచబడ్డాయి, బాబాయి సంచి పట్టుకుని ఒక్కడే మార్కెట్టుకెళ్ళడం మొదలుపెట్టాడు.

పదేళ్ళ తర్వాత నాలుగో భాగం వస్తోందని కబురొచ్చింది. పాత గొంతే కావాలన్నారు. బాబాయికి మోకాళ్ళ నొప్పులు, అంత దూరం రాలేనంటే, దగ్గర్లో ఎక్కడైనా రికార్డు చేసి పంపమన్నారు. అలా ఆ పని మా పరుపుల గదికొచ్చింది. సినిమా కంపెనీ నుంచి ఫోను చేసినావిడ ఒక మాట ముందే చెప్పింది: "ఇది ఆడితేనే అయిదోది తెలుగులో ఉంటుందండి. లేకపోతే ఒంటెలకి ఇంతటితో సెలవు." బాబాయి ఆ సంగతి విని, "ఒరేయ్ అబ్బాయ్, ఈ కాలం పిల్లలకి నేనెవరో తెలీదురా. ఇంకొక్కసారి తెలిస్తే చాలు" అన్నాడు. నా చేతుల మీదుగా ఆయన మళ్ళీ లేచి నిలబడతాడని అక్కడికక్కడే నిశ్చయించేసుకున్నాను. నేను నిశ్చయించుకున్న పనులెలా తేలతాయో తెలిసేంత అనుభవం అప్పటికి నాకింకా లేదు.

రికార్డింగ్ రోజున బాబాయి మైకు ముందు కొబ్బరికాయ కొట్టి, చెప్పులు విప్పి నిలబడ్డాడు. మొత్తం అరవై డైలాగులు, ఒక్కోదానికి ఒక నంబరు. నేను ఆ నంబరుతోనే ఫైలు పంపితే, ఎక్కడో తెలుగు ముక్క రాని కుర్రాళ్ళు ఒంటె నోటికి అతికిస్తారు. ఒంటె ఎప్పుడూ ఏదో నెమరేస్తూనే ఉంటుంది కాబట్టి ఏ మాట పెట్టినా అతుకుతుందట. బాబాయి ఒకటే షరతు పెట్టాడు. "మధ్యలో మైకు ఆపకు. స్టేజీ మీద ఎవడన్నా ఆపుతాడా? ఆపితే నాకు రాగం జారిపోద్ది." నేను ఆపలేదు. ఆయన దగ్గింది, మంచినీళ్ళు తాగింది, ఎకో గారితో వంకాయల రేటు మాట్లాడింది, అన్నీ ఎక్కాయి. నలభై మూడో డైలాగు సినిమాకి గుండెకాయలాంటిది. ఇసుక తుఫానులో ముసలి ఒంటె వెనక ఉండిపోతూ మనవణ్ణి మందతో పంపేస్తుంది. బాబాయి కళ్ళు మూసుకుని, "పోయిరా నాయనా, ఈ తుఫానులో నా అడుగులు చెరిగిపోయినా నా ఆశీస్సులు నీ మూపురంపై నిలుచుగాక" అని ఎత్తుకున్నాడు. కింద కొట్టులో ఎరువుల బస్తా తూస్తున్నతను తూకం ఆపేశాడు. సాయంత్రం నా బాపట్ల బండి టైమవుతుంటే గబగబా ముక్కలు కోసి, నంబర్లు వేసి, పంపేసి స్టేషనుకి పరిగెత్తాను. పంపేముందు ఎకో గారు ఒకసారి వినాలి, కానీ ఆయన సర్పంచి పాటకి ఎకో పెట్టే పనిలో ఉన్నాడు.

సినిమా రేపల్లెకి వచ్చిన ఆదివారం మ్యాట్నీకి బాబాయి రెండు వరసల నిండా మనుషుల్ని పోగేశాడు. చెరుకుపల్లి నుంచి పాత నాటకం మిత్రులు, ఆయనకి చదువు చెప్పిన మాస్టారు, మా నాన్నా అమ్మా, ఇస్త్రీ పంచెలో బాబాయి, పక్కన పిన్ని, వెనక నేను. హాలు సగం నిండింది, పిల్లలు బాగానే వచ్చారు. అయితే పావుగంటకే వాళ్ళు సీట్ల మధ్య పరుగులు మొదలుపెట్టారు. తెర మీద ఒంటె తాత గంభీరంగా ఉపదేశం చేస్తుంటే, మా ముందు వరసలో ఒక పాప, "అమ్మా, ఆ ఒంటె ఎందుకు అట్టా అరుస్తోంది?" అంది. బాబాయి విన్నాడు. ఆయన మెడ వెనక భాగం తప్ప నాకేం కనపడలేదు గానీ ఆ మెడ కాస్త కిందికి వంగింది. నాకు ఏడుపొచ్చింది. పాపం, ఒక్క నలభై మూడో డైలాగు రానీ దేవుడా అని దణ్ణం పెట్టుకున్నాను.

వచ్చింది. ఇసుక లేచింది, మంద కదిలింది, పిల్ల ఒంటె వెనక్కి తిరిగింది. తాత ఒంటె మెల్లగా నోరు తెరిచి, "మాత్ర వేసుకున్నావా?" అంది.

హాల్లో ఎవరో కిసుక్కుమన్నారు. ఒంటె నెమరేస్తూ, అలిసిపోయిన గొంతుతో, "నాకోసం కూచోకు. నువ్వు తినేసెయ్. నేనొచ్చేస్తాగా" అంది. ఆ రోజు నలభై రెండుకీ నలభై మూడుకీ మధ్య పిన్ని ఫోను చేసింది, బాబాయి మైకు ముందే మాట్లాడాడు. ఆ మాటలకి నేను నలభై మూడు అని నంబరు వేసి, అసలు నలభై మూడుని చెత్త ఫోల్డర్లో పడేశాను. కుర్చీ చేతులు పట్టుకుని, ఇక్కణ్ణించి పాక్కుంటూ వెళితే తలుపు ఎంత దూరమో లెక్కేసుకున్నాను.

కానీ హాలు నిశ్శబ్దమైపోయింది. పరిగెత్తే పిల్లలు పరిగెత్తిన చోటే నిలబడి తెర వంక చూస్తున్నారు. పిల్ల ఒంటె తల ఊపి మంద వెంట నడుస్తుంటే, తాత రాడని మాకందరికీ తెలిసిపోయింది. ఇందాకటి పాప వాళ్ళమ్మ కొంగు పట్టుకుని వెక్కుతోంది. మా పక్కన ఎవరో పెద్దాయన జేబురుమాలు తీశాడు. అప్పుడు చెరుకుపల్లి మిత్రులు అలవాటు కొద్దీ లేచి "వన్స్‌మోర్" అని కేకేశారు. హాలంతా అందుకుంది. ఆపరేటరు బయటికొచ్చి, "ఇది నాటకం కాదండి, వెనక్కి తిప్పడం కుదరదండి" అని బతిమాలుకున్నాడు. బాబాయి కూడా అలవాటు కొద్దీ లేచి నాలుగు వైపులా నమస్కారం పెట్టాడు. సగంలో, తాను ఆ మాట సినిమాకి చెప్పనే లేదని గుర్తొచ్చినట్టుంది, చేతులు అలాగే గాల్లో ఆగిపోయాయి. పిన్ని తెర మీంచి చూపు తిప్పకుండా, "ఆ రోజు వచ్చేస్తానని ఎనిమిదింటిగ్గాని రాలేదు. నేను తిన్లేదు కూడా" అంది.

హాలు బయట నేను తప్పంతా ఒప్పుకున్నాను. తిడతాడనుకున్నాను, తిట్టలేదు. జనం వచ్చి చేతులు పట్టుకుని, "ఎంత సహజంగా చెప్పారండి" అంటుంటే ఒక్కొక్కరికీ తల ఊపి, వాళ్ళు వెళ్ళాక నాతో, "నలభై ఏళ్ళు నేర్చుకున్నదానికి ఒక్కడు తలెత్తి చూళ్ళేదురా. మీ పిన్నితో ఫోన్లో మాట్లాడితే వన్స్‌మోరా?" అన్నాడు. ఆయన మొహంలో సంతోషమో అవమానమో తేల్చుకోలేకపోయాను. ఆయనకీ తేలినట్టు లేదు.

సినిమా చాలా చోట్ల రెండో వారం చూడలేదు గానీ మా వైపు ఆ ఒక్క సీను కోసం మూడు వారాలు ఆడింది. కంపెనీ ఆవిడ ఫోను చేసి, అయిదో భాగం ఉందండి, అయితే అంతా ఆ నలభై మూడో నంబరులాగే చెప్పాలి, ముందు శాంపిల్ పంపండి అంది. బాబాయి మళ్ళీ పరుపుల గదికొచ్చాడు. మామూలుగా మాట్లాడబోయాడు, రాగం వచ్చింది. కూచుని చెప్పాడు, రాగం వచ్చింది. పడుకుని చెప్పాడు, రాగం కూడా పడుకుని వచ్చింది. నాకు మహా తెలివైన ఉపాయం తట్టింది. "బాబాయ్, పిన్నికే ఫోను చెయ్, నేను రికార్డు చేస్తా" అన్నాను. చేశాడు. మైకు చూసుకుంటూ గొంతు సవరించుకుని, "భోజనము చేసితివా" అన్నాడు. అవతల పిన్ని, "ఎవరండి మీరు? రాంగ్ నంబరండి" అని పెట్టేసింది. అయిదో భాగంలో ఒంటె తాతకి ఎవరో కుర్రాడు గొంతిచ్చాడు. అదెలా ఆడిందో మా ఇంట్లో ఎవరూ అడగలేదు.

మొన్న పనుండి రేపల్లె వెళితే బాబాయితో కలిసి మార్కెట్టుకి నడిచాను. సందు మలుపులో గోళీలాడుతున్న పిల్లలు లేచి, "తాతా, మాత్ర వేసుకున్నావా?" అని అరిచారు. వీళ్ళెవరూ ఆ సినిమా హాల్లో చూసినవాళ్ళు కారు, ఫోన్లలో ఆ ముక్క చూసి ఉంటారు. ఒంటె అన్న మాట కూడా వాళ్ళ నోట రాలేదు. ఆయన సంచి చేయి మార్చుకుని, "వేసుకున్నాలేరా, మీరు ఎండలో ఆడకండి" అన్నాడు. రాగం లేదు, గాంభీర్యం లేదు. ఆ గొంతే. నా చేయి దానంతటదే జేబులో ఫోను వైపు వెళ్ళింది. ఆరేళ్ళ కిందటి ఆ కుర్రాడైతే తీసి నొక్కేసి ఉండేవాడు, ఏదో తప్పు నంబరు కూడా వేసి ఉండేవాడు. నేను చేయి బయటికి తీసి ఆయన దగ్గర్నుంచి సంచి అందుకున్నాను.