చిన్నతాత చెప్పిన అమెరికా డ్రమ్ములాయన

గుడియాత్తం దాటి పేర్ణాంబట్టు వైపు బస్సు తిరగగానే తోళ్ళు పదునుచేసే షెడ్ల వాసన ముక్కుకు తగులుతుంది. పక్కనున్నవాళ్ళు కొంగు అడ్డం పెట్టుకుంటారు, నాకు మాత్రం డ్రమ్ముల తోలు మీద బతికిన మా చిన్నతాత గుర్తొస్తాడు.

తాతకు తమ్ముడాయన. వయసులో బొంబాయి పోయి, అక్కడొక పెద్ద హోటల్లో దొరలు డ్యాన్సులాడే జాజ్ బ్యాండులో డ్రమ్ములు వాయించి, ముసలితనంలో ఏటి ఒడ్డున మా పొలానికి తిరిగొచ్చాడు. వేసవి సాయంత్రాల్లో, తొట్టినీళ్ళలో మామిడిపళ్ళు తేలుతుంటే, అవ్వ వేయించే శనక్కాయల వాసన పెరడంతా కమ్ముకుంటే, బోర్లించిన గంగాళం మీద రెండు చీపురుపుల్లల కట్టలతో సన్నగా వాయిస్తూ తన గురువు సంగతులు చెప్పేవాడు. ఆ గురువు అమెరికా ఆయన. ఓడెక్కి పారిస్ చేరి, అక్కడ పేరు తెచ్చుకుని, షాంఘైలో కొన్నాళ్ళు వాయించి బొంబాయి వచ్చాడట.

"మనకన్నా నలుపమ్మా. సూటేసుకుంటే రాజు మాదిరి ఉండేటోడు."

అమెరికావాళ్ళంటే తెల్లగానే ఉంటారనుకునే నాకు అంతా తికమకగా ఉండేది.

"మరి సొంతూరు ఎందుకిడిసి పెట్టినాడు తాతా?"

"ఆడ వాయించమంటారు, నల్లోళ్ళను ముందు వాకిట్లోంచి మాత్రం రానియ్యరు. తిండి కూడా వంటింటి ఎనకాలే."

"వాళ్ళ ఊరే కదా?"

చిన్నతాత చేతులు ఆగిపోయేవి.

ఆ ఏడే మా అత్త పెండ్లి. ఊరేగింపులో పొద్దుటినుంచీ తోలు పలకలు వాయించినవాళ్ళకు పశువులకొట్టం వెనక ఆకులు వేశారు. పందిట్లో బంతిలో కూర్చున్న చిన్నతాత, పులిహోర వడ్డించిన ఆకు అట్లే రెండు చేతుల్లో ఎత్తుకుని లేచాడు.

"యాడికి చిన్నాయనా?" అన్నాడు నాన్న.

"వాయించేటోళ్ళతో తింటా. నేనూ వాయించేటోణ్ణే గదరా."

మగపెళ్ళివారు చేతులు కడిగేసుకుని లేచారు. అవ్వ ఏడ్చింది. నేను ఆయన వెంట కొట్టం దాకా పరిగెత్తాను. ఆయన కూర్చోగానే పలకలవాళ్ళంతా భయంతో లేచి నిలబడ్డారు. "వద్దు సామీ, మాకు తిట్లొస్తాయి," అన్నాడు వాళ్ళలో పెద్దాయన. చిన్నతాత ఒక్కడే నేలమీద కూర్చుని, వాళ్ళవైపు చూస్తూ ఉండిపోయాడు. ఎవరిది తప్పో నాకు తెలియలేదు. మగపెళ్ళివారి పెద్దల కాళ్ళూ గడ్డాలూ పట్టుకుని పెండ్లి ఎలాగో జరిపించారు.

నిరుడు వేలూరు మండపంలో మా అక్క మనవరాలి పెండ్లికి పెట్టెలంత స్పీకర్లు మోగాయి. అందరూ ఒకే వరుసలో బల్లల మీద తిన్నారు. పలకలు లేవు. అత్త పెండ్లి తర్వాత మా ఇండ్లలో ఏ శుభకార్యానికీ పలకలవాళ్ళను పిలవలేదు.

అమెరికా ఆయన తిరిగిన ఊళ్ళన్నీ నాకు కంఠతా వచ్చు. కొట్టం వెనక నిలబడ్డవాళ్ళ పేర్లు ఒక్కటీ తెలియదు.