తప్పుల్లేని అర్జీ

మా జువాలజీ సారు పోయిన శుక్రవారం పెనుకొండలో చనిపోయారు. ఆయన భార్య ఫోన్ చేసి, "సారు పోయినాడు పాపా. నీకు చెప్పాలనిపించింది" అంది. ఆ మాటకు నేను తగినదాన్ని కాదు. ఎందుకో చెప్తాను.

తొంభైల్లో ధర్మవరంలో ఇంటర్ చదివేటప్పుడు ఆయన మాకు నాడీకణాల పాఠం చెప్పారు. ఇద్దరు అమ్మాయిలను ఎదురెదురుగా నిలబెట్టి, వేళ్లు తగలకుండా చేతులు చాపమన్నారు. "నరం పోయి కండను ముట్టుకోదమ్మా. నడాన సందుండాది. ఈ పక్కనుంచి రసాయనం దూకల్ల, ఆ పక్క దాన్ని అందుకొనేది ఉండల్ల. అప్పుడే కండ కదిలేది" అంటూ ఒకరి చేతిలోని సుద్దముక్కను ఇంకొకరి అరచేతిలో వేయించారు. ఆ సందు పేరు సినాప్స్ అని ఆ తర్వాతే బోర్డు మీద రాశారు. "ముందు పని తెలుసుకోండి, పేరు యాడికీ పోదు" అనేవారు.

పొద్దున అంత బాగా చెప్పే మనిషికి మధ్యాహ్నం క్లాసులో రెప్పలు వాలిపోయేవి. మాట ముద్దగా వచ్చేది. తాగి వస్తున్నాడని క్లాసంతా అనుకున్నాం. దస్తూరి బాగుంటుందని ప్రిన్సిపాల్‌కు అర్జీ నన్ను రాయమన్నారు. 'మద్యం సేవించి' అని రాయమని మాత్రం ఎవరూ చెప్పలేదు, ఆ మాట నా సొంతం. ఆయన దగ్గర నాకు ఏనాడూ వాసన రాలేదు. వారం తిరక్కముందే ఆయన్ను తీసేశారు.

చాలా ఏళ్ల తర్వాత, నేను హిందూపురంలో నర్సుగా ఉన్నప్పుడు, ఆయన మందుల చీటీతో వచ్చారు. "బాగుండావామ్మా?" అన్నారు. బెంగళూరు డాక్టర్లు రాసిన జబ్బు పేరు చదివాను. మయస్తీనియా. నరం పంపిన రసాయనాన్ని కండ అందుకునే చోట్లను ఒంట్లోని రక్షణ శక్తే పొరపాటున దెబ్బతీస్తుంది. పొద్దెక్కేకొద్దీ రెప్పలు, మాట జారిపోతాయి.

ఆ ఆదివారమే పెనుకొండ వెళ్లి, "ఆ అర్జీ రాసింది నేనే సార్" అన్నాను.

"తెలుసమ్మా. రెండేండ్లు నీ రికార్డు దిద్దినోణ్ణి, నీ అక్షరాలు గుర్తుపట్టనా? ఒక్క తప్పు లేకుండా రాసినావు" అని నవ్వబోయారు. నవ్వు పూర్తిగా రాలేదు. జబ్బు వల్లో, నా వల్లో.

ఆయన భార్యకు మాత్రం అప్పుడే తెలిసింది. "తాగుబోతు పెండ్లామని నా మొగమ్మీదే అన్నారు పాపా" అంది, కాఫీ గ్లాసు చేతిలోనే పట్టుకుని.

"చిన్నపిల్లలు. నాకే తెలీని జబ్బు వాళ్లకేం తెలుస్తాది?" అన్నారు సారు.

ఆమె గ్లాసు కింద పెట్టి లోపలికి వెళ్లిపోయింది.

ఆయన నన్ను క్షమించినా నాకు ఊరట కలగలేదు. మాకు తెలియలేదు, నిజమే. కానీ తెలిసినట్టు రాసింది నేను. ఆ తర్వాత నెలకోసారి వెళ్లేదాన్ని. ఆమె కాఫీ ఇచ్చేది, మాట్లాడేది కాదు. సారే ఈడాడ సంగతులన్నీ అడిగేవారు.

పోయిన నెల ఒక సాయంత్రం, వద్దన్నా వినకుండా బస్సు దాకా వచ్చారు. బస్సు కదిలాక వెనక్కి తిరిగి చూశాను. అప్పటికే ఆయన రెండు రెప్పలూ వాలిపోయాయి. ఒక రెప్పను వేలితో పైకెత్తి పట్టుకుని, బస్సు మలుపు తిరిగేదాకా నా వైపే చూస్తూ నిలబడ్డారు.