పదకొండు నోటు పుస్తకాలు

ఉద్యోగం మానేసిన మొదటి నెలంతా నేను వాన కోసం ఎదురుచూశాను. ఉత్తరాన కొండదారుల్లో రెండు రోజులు కుండపోతగా కురిస్తే చాలు, నా పాత కంపెనీ ట్రక్కులు ఎక్కడివక్కడ ఇరుక్కుపోతాయి. అప్పుడు మా మేనేజరు నాకు ఫోన్ చెయ్యాలి. బతిమాలాలి. నేను రెండుసార్లు ఎత్తకుండా వదిలేసి మూడోసారి ఎత్తాలి. యాభై ఏడేళ్ళకే రిటైరైన నాకు అంతకు మించిన కోరిక లేదు.

ఆక్లండ్‌కి దక్షిణాన ఒక కోల్డ్ స్టోరేజి గోదాములో ఇరవై రెండేళ్ళు చేశాను. పాలు, మాంసం, ఐస్‌క్రీమ్. ఏ ట్రక్కులో ఏ సరుకు ఎక్కాలి, ఏది ముందు దిగాలి, ఏ దారిన పోవాలి అని రోజూ పొద్దున్నే షీటు వేసివ్వడం నా పని. వింటే ఇంతేనా అనిపిస్తుంది. వీధి మూల కొట్టుని ఇక్కడ డెయిరీ అంటారు. ఏ డెయిరీవాడు ఏడింటికి ముందు షట్టరు ఎత్తడో, ఏ వంతెన మీదికి నీళ్ళొస్తాయో, ఏ ముసలాయన పెరటి గేటు దగ్గరే దింపమంటాడో, ఇవేవీ కంప్యూటర్లో ఉండవు. నా నోటు పుస్తకాల్లో ఉండేవి. తెలుగులో రాసుకునేవాణ్ణి. చెయ్యి అటే పోయేది, పైగా పక్కవాళ్ళు చదవలేరన్న ధీమా. ఏ రోజు తప్పు ఆ రోజు రాసుకునే అలవాటు కూడా ఉండేది, మళ్ళీ చెయ్యకుండా.

కొత్త మేనేజరు నాకన్నా పదిహేనేళ్ళు చిన్న. వచ్చిన ఆరు నెలలకే రీస్ట్రక్చర్ అన్నాడు. నేను చేస్తున్న ఉద్యోగానికే నన్ను మళ్ళీ అప్లై చేసుకోమన్నాడు. ఒళ్ళు మండింది. అక్కర్లేదు, రిటైరవుతానన్నాను. పని అప్పగిస్తూ హ్యాండోవర్ రాసివ్వడానికి నలభై పేజీలైనా అవుతాయంటే నవ్వాడు.

"ఒక్క పేజీ చాలు మేట్. బుల్లెట్ పాయింట్లు. మిగతాది సిస్టమ్ చూసుకుంటుంది. ఆ నోటు పుస్తకాలు మాత్రం పెట్టి వెళ్ళు, అవి కంపెనీవి."

అక్షరం పొల్లు పోకుండా అలాగే చేశాను. ఒక్క పేజీ, తొమ్మిది పాయింట్లు. పదకొండు నోటు పుస్తకాలూ బల్ల మీద వరసగా పేర్చాను. నన్ను సాగనంపడానికి పెట్టిన మార్నింగ్ టీలో ఆయన కేకు ముక్క నములుతూ పైపుస్తకం తెరిచాడు. రెండు పేజీలు తిప్పాడు. తలకిందులుగా పట్టుకున్నానేమోనని పుస్తకాన్ని తిప్పి కూడా చూశాడు. నేను రెండో ముక్క అడిగి పెట్టించుకున్నాను. అంత రుచైన కేకు మళ్ళీ తినలేదు.

ఇక ఇంట్లో నా రిటైర్మెంట్ ఇలా ఉండేది. టకానినిలో మా ఇల్లు. అలారం లేకపోయినా నాలుగున్నరకే మెలకువ వచ్చేది. ఏడింటికి ఫ్లాస్కులో కాఫీ పోసుకుని మోటర్‌వే మీది వంతెన దాకా నడిచి, కింద ఇరుక్కుపోయిన కార్లను తీరిగ్గా చూసేవాణ్ణి. వాటి మధ్య మా కంపెనీ ట్రక్కు కనిపిస్తే ఇంకో గుక్క ఎక్కువ తాగేవాణ్ణి. ఇంటికొచ్చి వాతావరణం వార్తలు పెట్టుకుని కూర్చునేవాణ్ణి. మా ఆవిడ ఇంకా ఉద్యోగం చేస్తోంది. సాయంత్రం వచ్చి పెరట్లోకి తొంగి చూసేది.

"ఏవండీ, గడ్డి మోకాళ్ళ దాకా వచ్చింది. లాన్ మో చేస్తానన్నారు కదా?"

"ఉత్తరాన హెవీ రెయిన్ వార్నింగ్ ఇచ్చారు."

"రిటైర్ అయ్యానంటారు గానీ జీతం లేకుండా అక్కడే ఓవర్‌టైమ్ చేస్తున్నారు మీరు."

ఆవిడ మాట నాకు నచ్చలేదు. నిజం కాబట్టి నచ్చలేదు.

ఆరో వారంలో వాన పడింది. మూడు రోజులు వదలకుండా కురిసింది. నాలుగో రోజు ఫోన్ మోగింది. రెండుసార్లు వదిలేశాను. మూడోసారి గొంతు సవరించుకుని ఎత్తాను. మేనేజరు కాదు. ట్రక్కుల్లో లోడింగ్ చూసే, టోంగా దీవుల నుంచి వచ్చిన ఆవిడ. పద్దెనిమిదేళ్ళు ఒకే బల్ల దగ్గర కూర్చుని అన్నాలు తిన్నాం. నా డబ్బాలోని గోంగూర పచ్చడి మొదటిరోజు దగ్గుతూ తిని, మర్నాటి నుంచి అడిగి పెట్టించుకున్న మనిషి.

"బ్రో, సగం లోడ్లు వెనక్కి వస్తున్నాయి. షీటు సిస్టమ్ వేస్తోంది, తిట్లు నేను తింటున్నా. మేనేజరు వార్నింగ్ లెటర్ ఇచ్చాడు. ఇంకొకటి ఇస్తే నా ఉద్యోగం పోతుంది."

అత్తమీది కోపం దుత్తమీద చూపించానన్నమాట. మేనేజరు కోసం తవ్విన గోతిలో ఈవిడ పడింది. పుస్తకాలు తీసుకుని శనివారం ఇంటికి రమ్మన్నాను. జాలితోనే అన్నానని చెప్పను. అన్నీ ఈవిడకే నేర్పిస్తే, ఇక ప్రతిదానికీ ఆయన ఈవిడ దగ్గరికొచ్చి చేతులు కట్టుకుని నిలబడాలి. అది నన్ను బతిమాలడం కన్నా బాగుంటుందనిపించింది.

శనివారం పదకొండు పుస్తకాలూ అరటిపళ్ళ అట్టపెట్టెలో పెట్టుకుని వచ్చింది.

"అడిగితే ఇచ్చాడా?" అన్నాను.

"అడగలేదు. రీసైక్లింగ్ డబ్బా పక్కన పడేసి ఉన్నాయి."

మళ్ళీ ఒళ్ళు మండింది. చివరి పుస్తకం నుంచి వెనక్కి చదవడం మొదలుపెట్టాం. నేను తెలుగు చూసి ఇంగ్లీషులో చెప్పడం, ఆవిడ రాసుకోవడం. మేనేజరు మీద రాసుకున్న తిట్లు కూడా ఒక్కటీ వదలకుండా చెప్పాను. నవ్వు ఆపుకోలేక టీ ఒలకబోసుకుంది. వంటింట్లో మా ఆవిడ పెసరట్లు పోస్తోంది. మానేశాక అంత సంతోషంగా గడిచిన పూట అదే.

ఎనిమిదో పుస్తకంలో ఒక పేజీ గబుక్కున తిప్పబోయాను. ఆవిడ వేలు పెట్టి ఆపింది. తెలుగు రాకపోయినా అంకెలు ఎవరికైనా వస్తాయి. పైన తేదీ, నడుమ రెండు ట్రక్కుల నంబర్లు. 14, 41.

"ఈ రోజు నాకు తెలుసు," అంది.

నాకూ తెలుసు. ఆరేళ్ళ కిందటి సంగతి. ఫ్రీజరున్న పద్నాలుగో ట్రక్కులో ఎక్కాల్సిన ఐస్‌క్రీమ్, పాలకు సరిపడా చల్లదనం మాత్రమే ఉన్న నలభై ఒకటిలో ఎక్కింది. ఊరు చేరేసరికి నీళ్ళు. ఆవిడకి టీమ్ లీడర్ పోస్టు ఖాయమనుకున్న వారం అది. షీటులో ఉన్నట్టే ఎక్కించానని ఆవిడ మొత్తుకుంది. షీటు తీసి చూస్తే అందులో 14 అనే ఉంది. పోస్టు ఇంకొకరికి పోయింది.

"ఏం రాశావు ఇక్కడ?"

"వాన," అన్నాను. "ఆ దారిలో వానొస్తే ట్రక్కు మార్చాలని."

ఆవిడ పెన్ను కదల్లేదు.

"ఆ రోజు వాన లేదు బ్రో. యార్డులో మంచి ఎండ. నేను ఆ ఎండలో నిలబడి ఏడ్చాను."

ప్లేట్లు పట్టుకుని మా ఆవిడ ఎప్పుడొచ్చిందో నా వెనకే నిలబడి ఉంది. ఈ ఇంట్లో ఆ అక్షరాలు నాకొక్కడికే వచ్చుననుకున్నాను కాబోలు. ప్లేట్లు బల్ల మీద పెట్టింది.

"ఏవండీ. ఉన్నది చదవండి."

చదివాను. తప్పు నాది. 14కి బదులు 41 రాశాను. సంగతి తెలిశాక ఎవరూ చూడకముందే సరిచేసి మళ్ళీ ప్రింట్ తీశాను. నింద ఆమె మీదికి పోయింది. రేపు చెప్పాలి. ఆ చివరి ముక్క మాత్రం ఇంగ్లీషులో చెప్పలేకపోయాను. సిగ్గుతో చచ్చిపోయాను. ఆరేళ్ళు ఆవిడ పక్కనే కూర్చుని పచ్చడి వడ్డించాను.

ఆవిడ తిడుతుందని చూశాను. తిట్టలేదు. తను రాసుకుంటున్న పుస్తకంలోంచి ఒక తెల్ల కాగితం చింపి, పెన్నుతో సహా నా ముందుకు తోసింది.

"ఇంగ్లీషులో రాయి. నీ చేత్తోనే. సంతకం పెట్టు. సోమవారం మేనేజరు బల్ల మీద పెడతాను."

రాశాను. ఎవడు నన్ను బతిమాలాలని నెలన్నర వానకోసం చూశానో, వాడికే రాశాను. సరిగ్గా ఒక్క పేజీ వచ్చింది.

ఆవిడ దాన్ని రెండుసార్లు చదివి, మడిచి బ్యాగులో పెట్టుకుంది. పుస్తకంలో తర్వాతి పేజీ తిప్పి నా ముందు పెట్టి, పెన్ను మళ్ళీ చేతిలోకి తీసుకుంది. "చదువు," అంది. సాయంత్రం దాకా చదివాను. పెసరట్టూ, పక్కన వేసిన గోంగూర పచ్చడీ ఆవిడ ముట్టుకోలేదు.