బటన్‌లో చెక్కముక్క

మా కోడలికి నోటికంటే చెయ్యి ముందు లేస్తుంది. అలాంటిదాన్నే ఏరి తెచ్చుకున్నాను.

రేకులు కత్తిరించే ఫ్యాక్టరీలో షిఫ్టు సూపర్‌వైజరు. ఎనిమిది ప్రెస్సులూ వాటిమీది ఎనిమిదిమంది మగాళ్ళూ ఆమె కింద. వారంలో ఐదు రోజులు వాళ్ళను తిడుతుంది. శని ఆదివారాలు కాలేజీకెళ్ళి ఆఫీసర్ల పక్కన కూర్చుని ఎంబీఏ చదువుతుంది. ఒక చేత్తో పుస్తకం, ఒక చేత్తో ఇస్త్రీపెట్టె. రెండు చొక్కాలు మాడ్చింది. మావాడు గొణిగితే ఇస్త్రీపెట్టె ఎత్తి చూపించింది. మళ్ళీ గొణగలేదు.

ఫ్యాక్టరీకి శనివారం సెలవు లేదు. ఈమెకు ఇస్తూ మేనేజరు షరతు పెట్టాడు. ఆమె లేని రోజు కోసిన రేకుముక్కల లెక్క తగ్గిందా, సెలవు బంద్. చదువూ బంద్. ఏడాదైనా తగ్గలేదు సరికదా, పెరిగింది. ఈ పిచ్చిది దాన్నే ప్రాజెక్టుగా రాసింది. కాలేజీలో చదివి వినిపించాల్సిన శనివారం పొద్దున్నే గీతల బొమ్మ నా ముందు పెట్టింది.

"చూశారా అత్తయ్యా, నేను లేకపోయినా వాళ్ళంతట వాళ్ళే ఎక్కువ చేస్తున్నారు. నాయకత్వం అంటే ఇదీ!"

నాది మూడో తరగతి చదువు. కానీ అదే ఫ్యాక్టరీలో ఇరవై రెండేళ్ళు ప్రెస్సు నడిపాను. ప్రెస్సుకి రెండు బటన్లుంటాయి. రెండు చేతులతో రెండూ నొక్కితేనే ఇనుపదిమ్మ దిగుతుంది, చెయ్యి లోపల ఉండే వీల్లేదు. ఒక బటన్లో చెక్కముక్క దిగ్గొడితే ఒక చెయ్యి ఖాళీ అవుతుంది. అది లోపల రేకు సర్దుతుంటుంది. పని పరిగెత్తుతుంది. నేనూ అలాగే పరిగెత్తించాను. ఒకరోజు నా ఎడమచేతి రెండు వేళ్ళు రేకుముక్కలతో కలిసి డబ్బాలో పడ్డాయి. ఆ చప్పుడు విని పక్క ప్రెస్సువాడు వాంతి చేసుకున్నాడు.

"నాయకత్వమా నీ మొహమా! ముందు ఫ్యాక్టరీకి పద."

"పదింటికి క్లాసు అత్తయ్యా!"

మూడువేళ్ళ చెయ్యి ఆమె ముక్కు దగ్గర పెట్టాను. బండి తీసింది.

ఎనిమిది ప్రెస్సులూ దబదబా బాదుతున్నాయి. ఎనిమిదింటికీ చెక్కముక్కలే. కోడలు మెయిన్ స్విచ్ లాగేసింది. అందరికంటే చురుకైనవాడు, బండోడు అంటారు, అరుచుకుంటూ వచ్చాడు.

"అక్కా, ఆపకు! మధ్యాహ్నం మేనేజరు లెక్క చూస్తాడు."

"ఎవడు పెట్టమన్నాడ్రా ఇది?"

"ఎవడో చెప్పాలా? నీ చదువు ఆగకూడదని నువ్వు లేని శనివారాలు మేమే పెడుతున్నాం. ఎంబీఏ అంటావు, ఇంతకాలం ఇదే తెలీలేదా?"

చెంప పగిలింది. వాడు రేకుల కుప్పమీద పడ్డాడు, మోచెయ్యి చీరుకుపోయింది. లేచి ఆమెను తోశాడు. ప్రెస్సు అంచు తగిలి పెదవి చిట్లింది. నేను చెప్పు తీశాను.

"పెద్దమ్మా, నువ్వు కూడానా!"

"కూడా ఏంట్రా, నీ వీపు మీద మొదటి హక్కు నాది!"

కోడలు నోట్లో నెత్తురు ఉమ్మేసి, స్విచ్ వేసి, తన ప్రాజెక్టు పుస్తకాన్ని వాడి ప్రెస్సులోకి తోసింది. ఒక్క బటన్ నొక్కింది. ధన్! అట్టా, కాగితాలూ, గీతలూ నుజ్జయి అతుక్కుపోయాయి.

"ఇదిరా నీ చెయ్యి" అంది.

తర్వాత సుత్తి పట్టుకుని ఎనిమిది చెక్కముక్కలూ ఊడగొట్టింది. ఊడనిదాన్ని కొట్టిన దెబ్బకి బటనే పగిలింది. గొడవ విని మేనేజరొచ్చి "లెక్క తగ్గితే షరతు గుర్తుందిగా" అన్నాడు. ఆ ముక్కలన్నీ అతని ఛాతీకేసి విసిరింది.

"ఏడాదిగా మీరు చూసిన లెక్క ఇదీ సార్. ఇవాళ తగ్గుతుంది, వచ్చే శనివారమూ తగ్గుతుంది."

శనివారాలు పోయాయి. చదువు సగంలో ఆగింది. కాలేజీవాళ్ళు వచ్చే ఏడాది దాకా పేరు ఉంచుతామన్నారు. ఈలోగా వేరే ఫ్యాక్టరీలో ఉద్యోగం వెతుకుతోంది.

బండోడు ఆమెతో మాట్లాడడు. అందరిముందూ కొట్టిందని. మాట్లాడకపోతే మానె. ఇప్పుడు శనివారాలు నేనే ఆమెకు అన్నం పట్టుకెళ్తున్నాను. గేటు దగ్గర వాడు నన్ను చూడగానే మొహం తిప్పుకుని, రెండు చేతులూ పైకెత్తి, పది వేళ్ళూ విప్పి చూపిస్తూ లోపలికి పోతాడు.