తలుపు బయట మా చెల్లెలి గొంతు

నాకు అక్షరం రాదు, నేను చెబుతుంటే మనవరాలు రాస్తోంది. చెల్లెలిని ఎండలో నిలబెట్టానని వాడంతా నన్ను తిడుతోంది. ముందు నా మాట వినండి.

నిన్న ఈ పిల్లే వారపత్రికలో ఒక కథ చదివి వినిపించింది. మంచు కింద నుంచి లేచిన ఏదో జీవి మనుషులను మింగి, వాళ్ళ రూపం, గొంతు, చివరికి జ్ఞాపకాలు కూడా తెచ్చుకుంటుందట. ఈ మధ్యాహ్నం పిల్ల బడికి పోయాక, ఒంటరిగా ఉన్నప్పుడు, "అక్కా!" అని నర్సంపేట చెల్లెలి గొంతు వినిపించింది. దయ్యమైతే ఒక్కసారే పిలుస్తుంది, ఒక్క పిలుపుకు పలకొద్దని మా అమ్మ చెప్పేది. మూడుసార్లు పిలిచినా నేను గొళ్ళెం తీయలేదు, లోపలి నుంచే పరీక్ష పెట్టాను.

"నా లగ్గంల నువ్వెందుకు ఏడ్చినవో చెప్పు!"

"నీ అసొంటి కడియాలు నాకు చేపియ్యలేదని! తలుపు తియ్ ముసల్దానా, కాళ్ళు కాలుతానయ్!"

సరిగ్గానే చెప్పింది. కానీ ఆ కథలోదైనా సరిగ్గానే చెబుతుంది కదా! నిజంగా చెల్లెలే అయితే కాళ్ళు బొబ్బలెక్కుతాయని తలుపు తీశాను.

కథంతా చెబితే నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. గడప మీద పెట్టిన కాలు వెనక్కి తీసుకుంది.

"మరి లోపలున్నది మా అక్కనే అని నాకేంది గ్యారంటీ?"

పొద్దు గూకుతోంది. అది ఇంకా అరుగు మీదే ఉంది. నేను నేనేనని ఎట్లా నమ్మించాలో తెలిసినవాళ్ళు చెప్పండి.